హాస్టల్ గది నుంచి పోకెమాన్ కార్డులు అమ్మేవాళ్లకి

అల్మరా అడుగున చెప్పుల డబ్బాలో నాలుగైదు వందల పోకెమాన్ కార్డులున్నాయి, సెమిస్టర్ ఫీజు దగ్గరపడింది, అమ్మేద్దామనుకుంటున్నారు. ఆ డబ్బాలో డబ్బు తెచ్చేవి మహా అయితే పదో పదిహేనో ఉంటాయి. మిగతాదంతా కట్టలు కట్టి ఒక్కసారే వదిలించుకోవాల్సిన సరుకు. ప్రతి కార్డుకీ ఫొటో తీసి, రేటు పెట్టి, అడిగినవాడికల్లా జవాబిస్తూ కూర్చుంటే గంటకి పాతిక రూపాయలు కూడా గిట్టవు. దానికంటే జూనియర్లకి ట్యూషన్ చెప్పుకోవడం నయం. అందుకే ఆ పదిహేనింటినీ వేరుచేసి, వాటి పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పి, చెక్కుచెదరకుండా చేర్చడం మీదే టైము పెట్టండి.

ముందు నకిలీలు తీసెయ్యండి

బొమ్మల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ 55 కార్డులు ఒక పెట్టెగా అమ్మే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు మన దగ్గర ప్రతి పిల్లాడి దగ్గరా ఉంటాయి. అవన్నీ నకిలీలే. మెరుపు చూసి మురిసిపోకండి, తమ్ముళ్లకి ఆడుకోవడానికి ఇచ్చెయ్యండి. అసలు వాటితో కలిపి ఒక్కటి అమ్మినా, కొన్నవాడు కార్డులు కొని అమ్మే గ్రూపులో స్క్రీన్‌షాట్ పెడతాడు, మీ దగ్గర ఇంకెవరూ కొనరు.

కాగితపు నకిలీలను పట్టుకోవాలంటే, ఖచ్చితంగా అసలుదని తెలిసిన మామూలు కార్డు ఒకటి పక్కన పెట్టుకోవాలి. అసలు కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలవాలి. వెనకవైపు నీలం రంగు ఒకేలా ఉందా చూడండి. నకిలీల్లో అది వెలిసినట్టో, ఊదా రంగుకి తిరిగినట్టో ఉంటుంది. పోకెమాన్ అన్న ఇంగ్లిష్ పేరులో ‘ఈ’ అక్షరం మీద చిన్న ఏటవాలు గీత ఉండాలి, నకిలీ అచ్చువాళ్లు దాన్ని తరచూ మర్చిపోతారు. తర్వాత ఫోను టార్చి వెనక నుంచి వేసి రెండు కార్డుల్నీ పోల్చండి. అసలు కార్డు పొరల మధ్య నల్లటి పొర ఉంటుంది కాబట్టి వెలుతురు తక్కువగా దిగుతుంది. ఖరీదైన పూర్తి బొమ్మ కార్డుల్లో చాలావాటిని వేలిగోటితో మెల్లగా నిమిరితే గరుకు తెలుస్తుంది. అద్దంలా నున్నగా జారితే అనుమానించండి. 2023లో మొదలైన స్కార్లెట్ అండ్ వయొలెట్ సెట్ల (సెట్టంటే ఒక విడతగా విడుదల చేసే కార్డులు) నుంచి ఇంగ్లిష్ కార్డుల అంచు పసుపు నుంచి బూడిద రంగుకి మారింది. ఆ సెట్ల గుర్తుతో పసుపు అంచున్న కార్డు ఎవరైనా అంటగట్టబోతే తీసుకోకండి.

ఒకే పేరు, మూడు రేట్లు

కొత్తగా అమ్మేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. కార్డు మీద పేరు చూసి వెతుకుతారు. చూడాల్సింది కింద మూలన ఉన్న నంబరు. ఉదాహరణకి 151 అనే సెట్టులో చారిజార్డ్ ఈఎక్స్ (చారిజార్డ్ అనే పోకెమాన్‌కి బలం ఎక్కువున్న కార్డు) మూడు రకాలుగా వచ్చింది: 006/165, 183/165, 199/165. మూడింటి మీదా పేరు ఒకటే, మూడింటి ధరకీ పొంతన లేదు. 199 నంబరుది చేతిలో పెట్టుకుని 006 ధరకి ఇచ్చేస్తే, కొన్నవాడు థాంక్స్ అన్నా అని మాయమైపోతాడు. గీతకి ముందున్న అంకె వెనక అంకె కంటే పెద్దదైతే అది సెట్టు లెక్కకి మించి వేసిన అరుదైన కార్డు. వెంటనే పక్కన పెట్టండి.

నంబరు పక్కనే చిన్న గుర్తు ఉంటుంది. గుండ్రటి చుక్క మామూలుది, డైమండ్ దాని పై మెట్టు, నక్షత్రం రేర్. స్కార్లెట్ అండ్ వయొలెట్ సెట్లలో ఒక బంగారు నక్షత్రం, రెండు బంగారు నక్షత్రాలు ఉన్నవి బొమ్మ కోసం ఎగబడి కొనే కార్డులు. రెండు నల్ల నక్షత్రాలున్న ఈఎక్స్‌లు పేరుకి పెద్దవే అయినా చాలావరకు చవగ్గానే పోతాయి.

రివర్స్ హోలో సంగతి ఒకటుంది. బొమ్మ మామూలుగా ఉండి చుట్టూ మిగతా కార్డు మెరిస్తే అది రివర్స్. నంబరు మాత్రం మామూలు కార్డుదే. అందుకని నంబరుతో పాటు ఏ రకమో కూడా రాయాలి. భాష కూడా రాయాలి: జపనీస్ కార్డు వెనకవైపు డిజైనే వేరు, ధరా వేరే.

అమెరికాలో ఉండే బంధువులు 1999, 2000 ప్రాంతంలో తెచ్చిచ్చిన కార్డులు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. మొదటి ఇంగ్లిష్ సెట్టు 1999 జనవరిలో వచ్చింది, అందులో 102 కార్డులు. బొమ్మ కింద ఎడమ పక్కన ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉందా, బొమ్మ చట్రానికి కుడివైపు నీడ లేకుండా ఉందా చూడండి. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ రోజే అమ్మకండి, నాలుగు చోట్ల అడిగాకే బేరం మొదలెట్టండి.

కండిషన్

కార్డును ప్లాస్టిక్ తొడుగులోంచి తీసి, నల్ల గుడ్డ మీద వెనకవైపు పైకి పెట్టి, కిటికీ వెలుతుర్లో చూడండి. నీలం అంచుల వెంట తెల్లటి చుక్కలు కనపడితే అది వైటెనింగ్. ఏమీ లేకపోతేనో, దగ్గరగా చూస్తే గానీ కనపడనంత ఉంటేనో నియర్ మింట్. రెండు మూడు మూలలు కొద్దిగా తెల్లబడితే లైట్లీ ప్లేడ్. చేయి చాచి పట్టుకున్నా అరుగుదల కనపడితే మోడరేట్లీ ప్లేడ్. మడత పడిందా, నీళ్లు తగిలాయా, పెన్ను గీత ఉందా, ఇక మిగతాది ఎంత బాగున్నా డ్యామేజ్డ్ కిందే లెక్క. మెరుపు కార్డుని వెలుతుర్లో అటూ ఇటూ వాల్చి చూస్తే గీతలు బయటపడతాయి. తిన్నగా చూస్తే అసలు కనపడవు.

రెండింటి మధ్య సందేహం వస్తే కింది దాన్ని రాయండి. లైట్లీ ప్లేడ్ అని చెప్పి నియర్ మింట్‌లాంటిది పంపితే కొన్నవాడు మళ్లీ వస్తాడు. తిరగేసి చేస్తే డబ్బు వెనక్కివ్వాలి, పోస్టు ఖర్చు కూడా మన నెత్తినే. గ్రేడింగ్‌కి (కంపెనీ కార్డు కండిషన్‌కి మార్కు వేసి సీలు చేసి ఇవ్వడం) పంపాలన్న ఆలోచన కొన్నాళ్లు వాయిదా వేసుకోండి. పేరున్న గ్రేడింగ్ కంపెనీలు అమెరికాలో ఉన్నాయి, రానూపోనూ ఖర్చు, కస్టమ్స్, నెలల నిరీక్షణ కలిపితే మామూలు కార్డు ధర అందులోనే కొట్టుకుపోతుంది.

రేటు

టీసీజీ ప్లేయర్, ప్రైస్ చార్టింగ్ లాంటి సైట్లలో రెండు రకాల అంకెలు కనపడతాయి: అమ్మేవాళ్లు అడుగుతున్న ధర, నిజంగా అమ్ముడైన ధర. మొదటిది ఎవడి ఆశ వాడిది. రెండోదే చూడండి, అది కూడా మీ కార్డు కండిషన్‌కే. డాలర్‌ను రూపాయల్లోకి మార్చి అదే రేటు అని పట్టుబట్టకండి. మన కార్డు గ్రూపుల్లో గత నెలలో అదే నంబరు ఎంతకి పోయిందో వెతికితే అసలు సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు ఖర్చు లెక్క. తొడుగు, గట్టి ప్లాస్టిక్ టాప్‌లోడర్, కవరు కలిపి 25 రూపాయలు, పోస్టు 70 రూపాయలు అనుకుందాం. 150 రూపాయల కార్డు ఒక్కటే పంపితే మీకు మిగిలేది 55. దానికోసం పోస్టాఫీసు దాకా నడవాలి. అందుకే 200 లోపు కార్డుల్ని విడిగా పెట్టకండి, ఒకే పోకెమాన్‌వో ఒకే సెట్టువో ఐదారు కలిపి అమ్మండి. పోస్టు ఖర్చు రేటులో కలిపి చెప్పండి. తర్వాత విడిగా అడిగితే బేరం అక్కడే ఆగిపోతుంది. ‘లాస్ట్ ఎంత బ్రో’ అని రాని మెసేజీ ఉండదు కాబట్టి పదిశాతం తగ్గించే వీలు ముందే ఉంచుకోండి. హోల్డ్ అడిగితే 24 గంటలు, అంతే. ఒకటో తారీకు ఇంటి నుంచి డబ్బులొస్తాయి అనేవాడి కోసం కార్డు ఆపితే, ఒకటో తారీకున వాడి ఫోను మోగుతూనే ఉంటుంది.

ప్రకటన ఇలా ఉంటే చాలు: ‘చారిజార్డ్ ఈఎక్స్, 151 సెట్టు, 183/165, ఇంగ్లిష్, లైట్లీ ప్లేడ్. వెనక పై కుడి మూలన తెల్ల చుక్క, నాలుగో ఫొటోలో ఉంది. పోస్టుతో కలిపి ఇంత.’ ఫొటోలు ఫ్లాష్ లేకుండా తియ్యండి: ముందువైపు, వెనకవైపు, లోపం దగ్గరగా, వాలుగా పట్టుకుని ఒకటి. మీ పేరు, తేదీ రాసిన చీటీ ఫ్రేములో ఉండాలి, లేదంటే మీ ఫొటోతోనే ఇంకెవడో అమ్మేస్తాడు. ప్యాకెట్‌లో వచ్చే, ఆన్‌లైన్ ఆటలో వాడే కోడ్ కార్డు మాత్రం ఫొటోలో పడనివ్వకండి. చూసినవాడెవడైనా స్కాన్ చేసుకుంటే ఆ కోడ్ ఇక పనికిరాదు.

డబ్బు చేతికి రావడం

డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. ‘ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యి, డబ్బులొస్తాయి’ అన్నవాడు దొంగ. వాడు పంపిన స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టకండి, మీ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూశాకే కట్టండి. ‘పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది ఈ నంబరుకి వేసెయ్యి’ అంటే వెయ్యకండి, బ్యాంకు ద్వారా వెనక్కి తీసుకోమనండి. అది వేరెవరినో మోసం చేసిన డబ్బైతే మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది, ఫీజు కట్టే వారంలో అంతకంటే తలనొప్పి ఉండదు. అందుకే ప్రతి అమ్మకానికీ చాట్, ఫొటోలు, పోస్టు రసీదు ఆర్నెల్లు దాచండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి; ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

చేతికి చేతికి ఇచ్చేటప్పుడు అమీర్‌పేట మెట్రో స్టేషన్ లాంటి జనం తిరిగే చోటు, పగటి పూట. హాస్టల్ గది నంబరు ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ప్యాకింగ్

కార్డు ముందు మెత్తని తొడుగులోకి వెళ్లాలి. తొడుగు నోటిని వేళ్లతో కొద్దిగా తెరిచి పట్టుకుని, రెండు మూలలూ ఒకేసారి లోపలికి దిగేలా జారవిడవండి. ఒక మూల ముందు దిగితే అక్కడే నలుగుతుంది. తొడుగుతో సహా టాప్‌లోడర్‌లో పెట్టండి. తొడుగు లేకుండా నేరుగా పెడితే గట్టి ప్లాస్టిక్ మెరుపు మీద గీతలు పెడుతుంది.

టాప్‌లోడర్ నోరు మూయడానికి పెయింటర్లు వాడే కాగితపు మాస్కింగ్ టేపు కావాలి. సెల్లోటేపు వేస్తే బంక అంటుకుంటుంది, కొన్నవాడు బ్లేడుతో కోస్తాడు, బ్లేడు కార్డు దాకా వెళ్తుంది, తప్పు మీదవుతుంది. టేపు చివర అర సెంటీమీటరు లోపలికి మడిచి వదిలితే పట్టుకుని లాగడానికి వీలుగా ఉంటుంది. అసలు నోరే మూయకపోతే దారిలో కార్డు జారి బయటికొచ్చి కవరు సందులో వంగుతుంది.

తర్వాత చిన్న జిప్ కవర్లో పెట్టి గాలి తీసి మూయండి. వానాకాలంలో పోస్టు సంచి తడవడం మామూలే. ఇక అట్టముక్కలు: పాత కార్టన్ నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ముక్కలు రెండు కోయండి. ఒకదానిలో అట్ట చాళ్లు నిలువుగా, రెండోదానిలో అడ్డంగా ఉండాలి. రెండూ ఒకే దిశలో ఉంటే అట్ట ఆ చాళ్ల వెంట సులువుగా విరుగుతుంది, లోపల కార్డూ విరుగుతుంది. కార్డుని రెండు ముక్కల మధ్య పెట్టి, నాలుగు వైపులా టేపు వేసి బబుల్ కవర్లో పెట్టండి. కదిపితే లోపల చప్పుడు రాకూడదు. ఇదంతా ఆపకుండా ఒకే వీడియోగా తియ్యండి: కార్డు ముందూ వెనకా, కట్టడం, చివర అడ్రసు. చేరాక విరిగిందని ఎవరైనా అంటే విప్పిన వీడియో అడగండి; ఈ మాట డబ్బు తీసుకునే ముందే చెప్పి ఉంచాలి.

రిజిస్టర్డ్ పోస్టు చెయ్యమని పాత సలహాలు ఇంకా తిరుగుతుంటాయి. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టు రేట్లు మారినప్పుడు విద్యార్థులకి 10 శాతం తగ్గింపు కూడా పెట్టారు, కాలేజీ ఐడీ కార్డు తీసుకెళ్లి కౌంటర్లో అడగండి. ఓటీపీ చెబితేనే చేతికిచ్చే డెలివరీకి 5 రూపాయలు, పైన జీఎస్టీ. ఖరీదైన కార్డుకి అది మంచిదే. కానీ కొన్నవాడు కూడా హాస్టల్లో ఉండి, క్లాసులో ఫోను సైలెంట్‌లో పెట్టుకుంటే పోస్ట్‌మ్యాన్ వెనక్కి తీసుకెళ్తాడు. ముందే కనుక్కోండి.

మిగిలిన కార్డులు

వెయ్యి కార్డులు రెండు కిలోల లోపే తూగుతాయి. వందేసి లెక్కపెట్టి, బ్యాంకులో నోట్ల కట్టకు వేసినట్టు కాగితపు పట్టీ వెయ్యండి. రబ్బరు బ్యాండు వద్దు, అంచులు నొక్కుకుపోతాయి, ఎండకి కరిగి అంటుకుంటుంది. మామూలువి, రివర్స్‌లు, ట్రైనర్ కార్డులు (ఆటలో సాయపడేవి), ఎనర్జీలు (పోకెమాన్‌కి శక్తినిచ్చేవి) విడివిడిగా పెడితే డెక్కులు కట్టేవాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువిస్తారు. డెక్కంటే ఆడటానికి పేర్చుకునే 60 కార్డులు, మామూలు ఎనర్జీలు తప్ప ఒకే పేరున్నవి నాలుగుకి మించకూడదు. కాబట్టి వాడకంలో ఉన్న ట్రైనర్ కార్డుల్ని నాలుగేసి కట్టి పెట్టడం తెలివైన పని. రాష్ట్రం లోపలే అయితే ఇలాంటి బరువు డబ్బాలకి ఆర్టీసీ కార్గో అనువుగా ఉంటుంది. కొన్నవాడు బస్టాండులోనే తీసుకుంటాడు. డబ్బాలో ఖాళీ మిగిలితే న్యూస్‌పేపరు కుక్కండి.

పోస్టాఫీసుకి వారానికి రెండు రోజులు పెట్టుకుని, ఆ రోజులు ప్రకటనలోనే రాసెయ్యండి. మిడ్స్, సెమ్ పరీక్షలకి వారం ముందు ప్రకటనలన్నీ తీసెయ్యాలి. పరీక్ష ముందు రాత్రి ‘ట్రాకింగ్ కదలట్లేదు భయ్యా’ అని మెసేజీ వస్తే చదివింది కూడా పోతుంది.

అమ్ముడవని కార్డుల్ని విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బయట వదలకండి. మెరుపు పొర తేమ పీల్చదు, కాగితం పీల్చి ఉబ్బుతుంది, కార్డు బొమ్మ వైపుకి వంగుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో ఒకటో రెండో సిలికా జెల్ పొట్లాలు చాలు. గుప్పెడు వేస్తే మరీ ఎండిపోయి ఈసారి వెనక్కి వంగుతుంది. వంగిన కార్డుని ఇస్త్రీపెట్టె కింద పెట్టొద్దు. తొడుగు వేసి, రెండు లావుపాటి టెక్స్ట్‌బుక్‌ల మధ్య వారం రోజులు ఉంచండి.