నమూనా నాణేల పరిశీలన – 3వ పాఠం: తూకం

కిందటి పాఠంలో బొమ్మను, అక్షరాలను చూడటం నేర్చుకున్నాం. ఈసారి తూకం. 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా దగ్గర పెట్టుకోండి.

టంకశాల నమూనా (చలామణీకి ముందు పరీక్షగా కొట్టే నాణెం) కొట్టిందంటే ఏదో సందేహం తీర్చుకోవడానికే. చాలాసార్లు ఆ సందేహం లోహం గురించే ఉంటుంది. 1973లో రాగి ధర బాగా పెరగడంతో అమెరికా టంకశాల 1974 తేదీతో 15 లక్షలకు పైగా అల్యూమినియం సెంట్లు ముద్రించింది. వెండింగ్ మెషీన్ల వ్యాపారులు వద్దన్నారు. పిల్లలు మింగితే ఎక్స్‌రేలో సరిగా కనబడదని డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. చివరికి దాదాపు అన్నిటినీ కరిగించేశారు. అప్పటి మామూలు సెంటు 3.11 గ్రాములు, ఈ అల్యూమినియం సెంటు 0.93 గ్రాములే. తెల్లగా మెరిసే 1974 సెంటు మూడు గ్రాములు తూగితే అది పైపూత వేసిన మామూలు సెంటే. ఇంకో పరీక్ష అక్కర్లేదు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 1879–80ల నాటి స్టెల్లా అనే నాలుగు డాలర్ల అమెరికా బంగారు నమూనా. యూరప్ బంగారు నాణేలకు దీటుగా, అంతర్జాతీయంగా చెల్లాలని చేసిన ప్రయత్నమిది. తన లెక్క తనే చెప్పేస్తుంది: 6 గ్రాముల బంగారం, 0.3 వెండి, 0.7 రాగి, మొత్తం 7 గ్రాములని ముఖం చుట్టూ అచ్చువేసి ఉంటుంది. ఇదే డిజైన్‌ను రాగిలోనూ కొట్టారు, కొన్నిటికి బంగారు పూత కూడా ఉంది. కంటికి మోసం జరగొచ్చు. కానీ అదే పరిమాణంలో రాగి ముక్క సుమారు సగం బరువే ఉంటుంది, కాబట్టి కాటా దగ్గర దొరికిపోతుంది.

ఇక తూకం చేతులెత్తేసే చోటు. నమూనాగా కొట్టిన 1856 ఫ్లయింగ్ ఈగిల్ (ఎగిరే గద్ద బొమ్మ) సెంటు, చలామణీలోకి వచ్చిన 1858 సెంటు, రెండూ 4.67 గ్రాములే, లోహం కూడా ఒకటే: 88 శాతం రాగి, 12 శాతం నికెల్. 1858లోని చివరి 8ని చెక్కి 6గా మార్చి అమ్మేవాళ్లున్నారు. అప్పుడు భూతద్దం తీయండి. అసలైన 1856లో 5 అంకె నిలువు గీతను కిందికి పొడిగిస్తే, అది ఆ అంకె కింది కొసన ఉండే గుండు మధ్యలోకి వెళ్తుంది. 1858లో అలా వెళ్లదు. చివరి అంకె చుట్టూ గీరిన జాడ ఉందేమో కూడా చూడండి.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒకే రకం నాణేలు పది తూచి, బరువులు రాసుకోండి. అరుగుదల వల్ల ఎంత తేడా వస్తుందో చేతికి తెలియాలి. వచ్చే పాఠంలో అంచులు చూద్దాం.