డీఓ సీటుకు దరఖాస్తు – 3వ పాఠం: వ్యాసం

మార్కులు, ఎంక్యాట్ (అమెరికా వైద్య కాలేజీల ప్రవేశ పరీక్ష) సంగతి గత పాఠంలో చూశాం. ఈసారి పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం.

డీఓ అంటే అమెరికాలో ఆస్టియోపతీ కాలేజీలు ఇచ్చే డాక్టరు డిగ్రీ. ఆ కాలేజీలకు దరఖాస్తు ఎక్కువగా ఆకోమాస్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తు ద్వారానే వెళుతుంది. వ్యాసానికి హద్దు 5,300 క్యారెక్టర్లు, ఖాళీలతో కలిపి. ఎండీ (అక్కడ ఇది మన ఎంబీబీఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీ) కాలేజీల ఉమ్మడి దరఖాస్తు ఆమ్‌కాస్‌లోనూ హద్దు అంతే. చిక్కు అక్కడే వస్తుంది. కొలత ఒకటే కదా అని ఎండీ కోసం రాసిందే తెచ్చి ఇక్కడ అతికిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ దారే ఎందుకు ఎంచుకున్నావన్న ప్రశ్నకు అందులో జవాబు ఉండదు.

1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ మొదటి ఆస్టియోపతీ కాలేజీ పెట్టారు. చేత్తో తడిమి ఒంటిని తెలుసుకోవడం ఆయన పద్ధతికి ప్రాణం. ఇప్పటికీ డీఓ విద్యార్థులు మిగతా వైద్యవిద్యతో పాటు సుమారు 200 గంటలు ఓఎంటీ, అంటే చేతులతో చేసే చికిత్స నేర్చుకుంటారు. ఊళ్లో బంధువులు 'ఎముకల డాక్టరా?' అని అడిగితే కాదని చెప్పండి. డీఓలు మందులు రాస్తారు, సర్జరీలు చేస్తారు. అక్కడ వాళ్లు పూర్తి స్థాయి వైద్యులు.

'మనిషిని మొత్తంగా చూసే వైద్యం నాకిష్టం' అని రాసి ఉంటే కొట్టేయండి. ఏ ఎండీ మాత్రం కాదంటారు? దానికి బదులు కళ్లారా చూసింది రాయాలి. అందుకు ఒక డీఓ దగ్గర షాడోయింగ్ చేయాలి, అంటే వెంట ఉండి ఆయన పనిని గమనించాలి. అందరు డీఓలూ రోజూ ఓఎంటీ చేయరు కాబట్టి ముందే అడిగి వెళ్లండి.

నడుంనొప్పితో ఒకావిడ వచ్చారనుకుందాం. డాక్టరు వేలితో వెతికి, నొక్కితే నొప్పెట్టే చోటు పట్టుకుంటారు. నొప్పి తగ్గే భంగిమ దొరికేదాకా ఆవిడ కాలును మెల్లగా కదిలించి, 90 సెకన్లు అలాగే పట్టుకుంటారు. తర్వాత నెమ్మదిగా మామూలు స్థితికి తెస్తారు. దీన్ని కౌంటర్‌స్ట్రెయిన్ అంటారు. ఆ 90 సెకన్లూ మీరేం గమనించారు? డాక్టరు మాట్లాడారా, మౌనంగా ఉన్నారా? ఆవిడ ముఖంలో టెన్షన్ ఎప్పుడు సడలింది? మీ వ్యాసానికి సరుకు అదే. నాకు వ్యాసంలో అన్నిటికన్నా నచ్చేదీ అదే.

అభ్యాసం: చూసొచ్చిన రోజు రాత్రే పది వాక్యాలు రాయండి, తెలుగులో అయినా సరే. రోగి పేరు, గుర్తుపట్టే వివరాలు వద్దు. 'అద్భుతం', 'స్ఫూర్తి' అన్న మాటలూ వద్దు. వచ్చే పాఠంలో ఆ పది వాక్యాల నుంచే మొదటి పేరా కడదాం.