స్కౌండ్రల్‌లో ఓడిపోతూనే ఉన్నారా? ముందు పేక కట్ట చూడండి

మామూలు పేక కట్టతో ఒక్కరే కూర్చుని నేలమాళిగలోకి దిగే ఆట స్కౌండ్రల్. 2011లో జాక్ గేజ్, కర్ట్ బీగ్ కలిసి తయారుచేశారు. మీకు ఆడటం వచ్చనే అనుకుని రాస్తున్నాను. "ఇది గెలవలేని ఆట" అన్నవాళ్ల కట్ట అడిగి తీసుకుని చూస్తే, చాలాసార్లు తేడా ఆ కట్టలోనే కనిపించింది.

సమస్య: ప్రతిసారీ సగం దారిలోనే ప్రాణం అయిపోతోంది

ముక్కలు లెక్కపెట్టండి. 44 ఉండాలి. నల్లవి (రాక్షసులు) 26, డైమన్లు (ఆయుధాలు) 9, ఆఠీన్లు (మందులు) 9. పక్కన పెట్టిన వాటిలో జోకర్లు కాక సరిగ్గా 8 ఉండాలి: ఎర్ర జాకీలు, రాణులు, రాజులు, ఆసులు. "అవన్నీ తీసేశాను" అని అందరూ అంటారు, లెక్క మాత్రం ఎవరూ పెట్టరు. పక్కన పెట్టిన వాటిలోకి ఆఠీను 9 ఒక్కటి జారిపోయినా మీ మందులో తొమ్మిది పాయింట్లు పోయినట్టే. అర నిమిషం పని ఇది. దయచేసి ప్రతి ఆటకూ ముందు చేయండి.

లెక్క సరిపోతే తర్వాత చూడాల్సింది ఆయుధం వాడే తీరు. నల్ల ముక్కల మొత్తం బలం 208 (జాకీ 11, రాణి 12, రాజు 13, ఆసు 14). మీ ప్రాణం 20, మందులన్నీ ఒక్క చుక్క వృథా కాకుండా తాగినా 54, కలిపి 74. అంటే 208లో కనీసం 135 దెబ్బలు ఆయుధాలే ఆపాలి. చేతిలో డైమన్ 7 ఉండగా దాన్ని ముందు 4 మీద వాడితే, ఆ తర్వాత అది 3, 2 లాంటి వాటికే పనికొస్తుంది. అదే 7ను ముందు రాణి మీద వాడితే మీ ప్రాణంలో 5 పోతుంది కానీ, 11 నుంచి కిందికి ఇంకా ఎంతమందినైనా కొట్టొచ్చు. 2, 3 లాంటి చిన్నవాటిని ఒట్టి చేతులతో కొట్టేయండి. ఆయుధం ఉంటే వాడి తీరాలని నియమం ఏదీ లేదు.

సమస్య: రాక్షసులు గుంపులు గుంపులుగా వస్తున్నారు, లేదంటే ఆట మరీ తేలిగ్గా అయిపోతోంది

నన్ను ఎక్కువ కాలం ఇబ్బంది పెట్టింది ఇదే.

మొదటి గదిలో, అంటే ముందు పరిచే నాలుగు ముక్కల్లో, నాలుగూ రాక్షసులే వస్తే కంగారు పడకండి. 44లో 26 వాళ్లే కాబట్టి, బాగా కలిపిన కట్టలో కూడా తొమ్మిది ఆటలకు ఒకసారి అలా రావడం మామూలే. ఆట చివర్లో గుంపు వచ్చిందా? మీరు ఎన్ని గదుల నుంచి పారిపోయారో గుర్తు చేసుకోండి. పారిపోయిన ప్రతిసారీ నాలుగు ముక్కలు కట్ట అడుక్కి వెళ్తాయి, చివరికి అవే మళ్లీ వరసగా ఎదురొస్తాయి. అది ఆటలో భాగమే.

అసలు తేడా ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య జరుగుతుంది. ఒక రోజు ఇస్పేటు ఆసు, కళావరు రాజు, ఇస్పేటు జాకీ, కళావరు 10 ఉన్న గది చూసి పారిపోయాను. అవి మళ్లీ రాకముందే చచ్చిపోయాను. మర్నాడు కొత్త ఆట మొదలుపెడితే, నాలుగైదు గదులు దాటాక ఆ నలుగురూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. అప్పటిదాకా నా అదృష్టం బాగోలేదనే అనుకుంటూ ఉన్నాను. చచ్చిపోయినప్పుడు మిగిలిన కట్టను అలాగే తీసి పైపైన కలుపుతున్నాను కాబట్టి, నిన్నటి భయాలన్నీ విడిపోకుండా ఈ రోజు ఆటలోకి వస్తున్నాయి. ఓడిన ఆట తర్వాతి ఆటను కూడా పాడుచేస్తోంది.

గెలిచిన ఆటలో ఇది ఇంకోలా జరుగుతుంది. ఆయుధం మీద రాక్షసులను పెద్ద నుంచి చిన్నకు పేరుస్తాం కదా, ఆయుధం మారినప్పుడు ఆ పేర్పు మొత్తం ఒకేసారి పక్కకు పోతుంది. డైమన్ 8, దాని వెనక రాణి, 9, 6, 3. ఈ వరస విడిపోకపోతే తర్వాతి ఆటలో ముందు ఆయుధం, ఆ వెంటనే దానికి సరిపడా దిగే మెట్లలా రాక్షసులు వస్తారు. ఇట్టే గెలుస్తారు. ఆ గెలుపు కట్ట ఇచ్చిందే తప్ప మీ ఆట వల్ల వచ్చింది కాదు.

కట్టను చేతిలో పట్టుకుని గుప్పెడు గుప్పెడు తీసి మీద వేస్తే పక్కపక్క ముక్కలు పక్కపక్కనే ఉండిపోతాయి. కోయడం వల్ల కూడా ఇరుగుపొరుగు మారదు. ఇలా చేయండి: ఆయుధాల పేర్పులన్నీ విడదీయండి. మొత్తం ముక్కల్ని ఒక్కొక్కటిగా ఐదు కుప్పలుగా పంచి, కుప్పలను కలిపేయండి. దీంతో గుంపులు విడిపోతాయి కానీ కలపడం పూర్తయినట్టు కాదు. తర్వాత కట్టను రెండు సగాలు చేసి, అంచులు ఒకదానిలోకి ఒకటి దూరేలా ఏడుసార్లు కలపండి. 52 ముక్కలకు ఇలా సుమారు ఏడుసార్లు కావాలని గణిత శాస్త్రవేత్తలు బేయర్, డయాకోనిస్ 1992లో లెక్కకట్టి చూపించారు. 44కీ అదే పాటించండి. అలా కలపడం చేతికి రాకపోతే, ముక్కలన్నీ బల్ల మీద బోర్లా పరిచి రెండు చేతులతో ఒక నిమిషం పైనే గుండ్రంగా తిప్పండి.

అనుమానం తీరకపోతే కలిపాక కట్ట తిప్పి చూడండి. డైమన్ వెనకే నల్లవి దిగుతూ కనబడితే ఇంకా కలవలేదన్నమాట. చూసేశారు కాబట్టి ఎలాగూ మళ్లీ కలపాలి.

సమస్య: కట్ట బాగానే కలిపాను, అయినా ప్రతిసారీ గెలుస్తున్నాను

ఒకే గదిలో రెండు మందులు తాగుతున్నారేమో చూసుకోండి. రెండోది తాగినా ఫలితం ఉండదు, పక్కన పడేయాలి. ప్రాణం 20 దాటకూడదు. వరసగా రెండు గదుల నుంచి పారిపోకూడదు. గదిలో ఒక ముక్క ముట్టుకున్నాక కూడా పారిపోవడం కుదరదు, ఇది చాలామంది మర్చిపోతారు.

మిగతావి అరుదు. ఒక ముక్క మూల మడత పడి వెనక నుంచే గుర్తుపట్టేస్తుంటే కట్ట మార్చండి. ప్రాణం లెక్క తప్పుతుంటే నోటితో చెప్పుకోకుండా కాగితం మీద రాసుకోండి.