50 ఎంఎం లెన్స్‌తో కళ్లు మసకగా వస్తున్నాయా? నా అనుభవం

నా డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా)తో పాటు వచ్చిన కిట్ లెన్స్ నుంచి 50 ఎంఎం ఎఫ్/1.8కి (ఎక్కువ వెలుతురు తీసుకునే, పదును పలుచటి పొరలోనే ఉండే లెన్స్) మారాక, లాల్‌బాగ్‌లో మా పాపను తీస్తే కళ్లు మసక. చెవి దగ్గరి వెంట్రుకలు మాత్రం పోగుపోగునా కనిపించాయి! లెన్స్ తుడవడం, షట్టర్ స్పీడ్ పెంచడం, కెమెరా రీసెట్ ఏవీ పనిచేయలేదు.

లైవ్ వ్యూలో స్క్రీన్ చూస్తూ తీస్తే కళ్లు చక్కగా వచ్చాయి. అంటే లెన్స్ గాజు బాగానే ఉంది. వ్యూఫైండర్‌తో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీతో, తీసేటప్పుడు ఫోకస్ కొలిచేది అద్దం కిందుండే వేరే సెన్సర్. తేడా అక్కడే.

కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, మనుషుల్ని నేను మామూలుగా తీసే దూరంలో, అంటే మీటరున్నరలో, బిస్కెట్ ప్యాకెట్ నిలబెట్టాను. పక్కనే ఏటవాలుగా స్కేలు, దాని సున్నా ప్యాకెట్‌కి సరిగ్గా పక్కన. ఎఫ్/1.8, మధ్య ఫోకస్ పాయింట్. ప్రతి క్లిక్‌కి ముందు ఫోకస్ రింగ్ తిప్పి ఫోకస్‌ని కావాలనే చెడగొట్టి, కెమెరా చేత మళ్లీ ఫోకస్ చేయించాను, ఇది మాత్రం వదలొద్దు. పదును సున్నాకి వెనక పడుతోంది. నికాన్‌లో ఏఎఫ్ (ఆటోఫోకస్) ఫైన్ ట్యూన్, కెనాన్‌లో ఏఎఫ్ మైక్రోఅడ్జస్ట్‌మెంట్ అనే ఆప్షన్ ఇందుకే. మైనస్ వైపు కొద్దికొద్దిగా జరిపితే -7 దగ్గర కుదిరింది.

ఆ -7 నా కెమెరాకీ ఈ లెన్స్‌కీ మాత్రమే. జూమ్ లెన్స్‌లో ఒక చివర సరిచేస్తే ఇంకో చివర తప్పొచ్చు. నికాన్ డీ5600 లాంటి మోడళ్లలో ఈ ఆప్షనే లేదు, అవి వాడేవాళ్లకి లైవ్ వ్యూ లేదా సర్వీస్ సెంటరే దారి.