చర్మం బండబారక ముందే: స్క్లెరోడెర్మాను ఇంట్లో పసిగట్టే పద్ధతి

తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి పనిచేసిన వారికి దుమ్ము వల్ల ఊపిరితిత్తులు చెడతాయని అందరికీ తెలుసు. రాతి దుమ్ములోని సిలికాకూ చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా అనే జబ్బుకూ సంబంధం ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 1914లోనే ఎడిన్‌బరో వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ రాళ్లు చెక్కేవారిలో దీనిని గమనించి రాశాడు. 1957లో ఎరాస్మస్ అనే పరిశోధకుడు దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికులలో ఇదే చూపాడు. రాతి పనితో ఏ సంబంధమూ లేనివారికి కూడా ఇది వస్తుంది. నిజానికి 30 నుంచి 50 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలోనే ఎక్కువ.

ఏం చూడాలో తెలియాలంటే చర్మం కింద ఏం జరుగుతుందో కొంత తెలిసి ఉండాలి. ముందుగా దెబ్బ తినేది సన్నని రక్తనాళాల లోపలి పొర. దెబ్బ తిన్న ఆ పొర తన మీద కణాలను అంటించుకునే అణువులను, అంటే సెల్ అడ్హీషన్ మాలిక్యూల్స్‌ను, ఎక్కువగా నిలుపుతుంది. వాటిలో సెలెక్టిన్లు చేను గట్టున నడిచే వారి చీరంచుకు ఉత్తరేణి గింజలు తగులుకున్నట్టు, రక్తంలో పోతున్న తెల్లకణాలను తేలికగా పట్టి నెమ్మదింపజేస్తాయి. ఆ తరువాత ఐక్యామ్-1, వీక్యామ్-1 అనే అణువులు ఆ తెల్లకణాలను గట్టిగా నిలబెట్టగా, తెల్లకణాలు నాళం గోడ దాటి చర్మంలోకి చేరుతాయి. ఈ దశలోనే వేళ్లు ఉబ్బుతాయి.

అక్కడ చేరిన కణాల సంకేతాలతో, చర్మంలో నారను తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు కొల్లాజెన్ అనే నార ప్రొటీనును అతిగా తయారుచేయడం మొదలుపెడతాయి. వాటిపై ఉండే ఇంటెగ్రిన్లు అనే అంటింపు అణువులు చుట్టూ ఉన్న అల్లికను పట్టి లాగుతూ, అందులో నిద్రాణంగా ఉన్న టీజీఎఫ్-బీటా అనే సంకేతాన్ని బయటికి వదిలిస్తాయి. దానితో కొల్లాజెన్ ఇంకా పెరుగుతుంది. చర్మం బిగిసేకొద్దీ ఈ లాగుడుకు పట్టు దొరుకుతుంది, పట్టు దొరికేకొద్దీ చర్మం మరింత బిగుస్తుంది. ఈ సుడి బిగిశాక విప్పడం కష్టం. ఉబ్బు దశలో అడ్డుపడడానికి వీలు ఎక్కువ. క్యాడెరిన్-11 అనే మరో అంటింపు అణువు లేని ఎలుకలలో, చర్మాన్ని గట్టిపరిచే బ్లియోమైసిన్ అనే మందు ఇచ్చినా చర్మం అంతగా గట్టిపడలేదని ప్రయోగాలలో తేలింది. ఈ అంటింపును మందుతో ఆపగలమా అన్న అన్వేషణకు అలాంటి ఫలితాలే ఆధారం.

ఇక ఇంట్లో చేయవలసిన పని. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున చల్లని నీళ్లలో చేయి పెట్టినప్పుడు వేళ్లు మొదట తెల్లగా పాలిపోయి, తరువాత నీలమై, వెచ్చబడ్డాక ఎర్రబడుతున్నాయా అన్నది గమనించాలి. దీనిని రేనాడ్ లక్షణం అంటారు. చాలామందిలో చర్మం గట్టిపడటానికి నెలలో, ఏళ్లో ముందే ఇది కనిపిస్తుంది. ఆ తరువాత ఉంగరం. మా చిన్నత్తకు ఉంగరం రాకపోతే సబ్బు రాసి తీశాము, నీరు చేరిందని సరిపెట్టుకున్నాము. ఆ ఉంగరమే మొదటి హెచ్చరిక అని మాకు అర్థమయ్యేసరికి ఆమె వేళ్లు పూర్తిగా చాచడానికి రాకుండా పోయాయి.

వేలి మొదటి కణుపుకూ నడిమి కణుపుకూ మధ్య, పైభాగాన ఉన్న చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి మడతగా లేపి చూడండి. అదే వయసున్న ఇంటివారి వేలిపై కూడా లేపి పోల్చుకోండి. మడత పడకుండా కింది ఎముకకు అంటినట్టు ఉంటే అది మామూలు వాపు కాదు. నమస్కారం పెట్టినప్పుడు అరచేతులు, వేళ్లు మొదలు నుంచి చివర వరకు ఆనుతున్నాయా, సంగటి ముద్ద పెట్టుకునేటప్పుడు నోరు మునుపటిలా తెరుచుకుంటోందా అన్నవి కూడా చూడాలి. నెలకు ఒకసారి ఒకే వెలుతురులో చేతుల ఫొటో తీసి, తేదీ వేసి ఉంచుకుంటే, డాక్టరుకు ఏ మాటకన్నా అది ఎక్కువ చెబుతుంది.

అనుమానం వస్తే కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప, అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రులలోనో చర్మవ్యాధుల లేదా జనరల్ మెడిసిన్ విభాగానికి వెళ్లి, చేసిన పని ఏమిటో, దుమ్ములో ఎన్నేళ్లు ఉన్నారో తప్పక చెప్పండి. డాక్టరు శరీరంలో 17 చోట్ల చర్మాన్ని పట్టి చూసి, ఒక్కోచోటికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, మొత్తం 51కి లెక్కగడతారు. శరీరం తన కణాల మీదే తయారుచేసుకునే యాంటీబాడీలను చూసే ఏఎన్ఏ రక్తపరీక్ష, గోరు మొదట్లోని సన్ననాళాల పరిశీలన, ఊపిరితిత్తుల పరీక్ష చేయిస్తారు. ఐక్యామ్, సెలెక్టిన్ల కోసం ప్రత్యేక పరీక్ష చేయించమని అడగనవసరం లేదు. అవి రక్తంలో పెరిగినట్టు పరిశోధనలలో కనిపించినా, వైద్య నిర్ణయం వాటి మీద ఆధారపడదు. రోగనిరోధక వ్యవస్థను అణిచే మైకోఫినోలేట్, మెథోట్రెక్సేట్ వంటి మందులు డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి, ఎందుకంటే అవి అసలే మూసుకుపోతున్న సన్ననాళాలను మరింత బిగిస్తాయి. చలిలో చేతులకే కాక ఒంటికంతటికీ వెచ్చదనం ఉండాలి. రాయి కోసేచోట నీళ్లు పారిస్తూ కోయడం, సరిగా అతుక్కునే ఎన్95 మాస్కు వేసుకోవడం అవసరం. సిలికా రూపమైన క్వార్ట్జ్ ఉన్న గ్రానైటు దగ్గర ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

కిడ్నీల విషయంలో మాత్రం అజాగ్రత్త గానీ ఆలస్యం గానీ ఎంతమాత్రం కూడదు. కీళ్ల నొప్పులకని మందుల షాపులో స్టెరాయిడ్ మాత్రలు కొని వేసుకోకండి. రోజుకు 15 మిల్లీగ్రాములు మించిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌కూ, ఈ జబ్బులో హఠాత్తుగా కిడ్నీలు దెబ్బతినడానికీ సంబంధం ఉంది. చర్మం వేగంగా గట్టిపడుతున్నవారు ఇంట్లోనే బీపీ చూసుకుంటూ ఉండాలి. అది ఉన్నట్టుండి పెరిగి, తలనొప్పి, చూపు మసకబారడం, మూత్రం తగ్గడం కనిపిస్తే, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.