తూకం ఎవరు మార్చారో డేటాబేస్‌లోనే రాసిపెట్టుకోండి

పోయిన తోతాపురి సీజన్లో చిత్తూరు దగ్గర ఒక మండీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేనే చూసేవాణ్ణి. ఒక రైతు కాటా చీటీ తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. చీటీలో 4,820 కిలోలు, స్క్రీన్ మీద 4,280. "నా అర టన్ను కాయ యాడికి పోయిందప్పా?" అన్నాడు. ఎవరైనా మార్చారా, మొదటే తప్పు ఎక్కించారా, నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే అప్‌డేట్ కొట్టగానే పాత అంకె పోతుంది. చీటీ ఉంది కాబట్టి ఆయన డబ్బు ఆయనకొచ్చింది, చీటీ పోగొట్టుకున్న రైతు అయితే ఏం చేసేవాడు?

చాలామంది 'చివరిగా మార్చినవారు', 'మార్చిన సమయం' అని రెండు కాలమ్‌లు పెట్టి వదిలేస్తారు. అది చాలదు. మూడుసార్లు మారితే మూడో మనిషి పేరే మిగులుతుంది, పాత అంకె అసలే ఉండదు.

మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే ముందు హిస్టరీకి విడిగా ఒక టేబుల్ చేయండి. ఏ టేబుల్, ఏ రికార్డ్, జరిగింది ఇన్సర్టా అప్‌డేటా డిలీటా, పాత రికార్డ్, కొత్త రికార్డ్, ఎవరు, ఎప్పుడు, ఇంతే. పాత, కొత్త రికార్డులను జేసన్‌బీలో (ఏ కాలమ్‌లు ఉన్నా మొత్తం రికార్డ్‌ని ఒకే గడిలో పెట్టుకునే రకం) దాచండి, రేపు తూకం టేబుల్‌కి కొత్త కాలమ్ వచ్చినా హిస్టరీ టేబుల్‌ని ముట్టుకోనక్కర్లేదు. తర్వాత తూకం టేబుల్ మీద, మారిన ప్రతి రికార్డ్‌కీ నడిచేలా ఒక ఆఫ్టర్ ట్రిగ్గర్ పెట్టండి, అంటే మార్పు జరగగానే డేటాబేస్ తనంతట తానే నడిపే చిన్న కోడ్. దాని లోపల ఓల్డ్ అంటే మారకముందు ఉన్నది, న్యూ అంటే మారాక ఉన్నది, రెండిటినీ హిస్టరీలో వేసేయడమే. ఈ పని అప్లికేషన్ కోడ్‌లో మాత్రం పెట్టొద్దు. ఎవరైనా నేరుగా డేటాబేస్‌లోకి వెళ్లి అంకె మారిస్తే కోడ్‌కి తెలియదు, ట్రిగ్గర్‌కి తెలుస్తుంది.

అసలు చిక్కు 'ఎవరు' దగ్గర వస్తుంది. అప్లికేషన్ అంతా ఒకే డేటాబేస్ లాగిన్‌తో కనెక్ట్ అవుతుంది కదా, కరెంట్ యూజర్ రాస్తే ప్రతి మార్పుకీ అదే పేరు పడుతుంది. అందుకే ప్రతి ట్రాన్సాక్షన్ (ఒకే విడతగా సేవ్ అయ్యే మార్పులు) మొదట్లో, లాగిన్ అయిన గుమాస్తా ఐడీని, ఆ ట్రాన్సాక్షన్ వరకే నిలిచే సెట్ లోకల్‌తో ఒక సెట్టింగ్‌లో పెట్టి, ట్రిగ్గర్‌లో కరెంట్ సెట్టింగ్‌తో చదవండి. లోకల్ మర్చిపోతే ప్రమాదం, కనెక్షన్ పూల్‌లో (తెరిచిన కనెక్షన్లనే అందరూ మార్చి మార్చి వాడుకునే చోట) అదే కనెక్షన్ ఇంకొకరికి వెళ్లినప్పుడు మొదటివాడి పేరు మీద రెండోవాడి మార్పు పడుతుంది. సమయానికి నౌ ఫంక్షన్ వాడితే ట్రాన్సాక్షన్ మొదలైన టైమ్ వస్తుంది, కచ్చితంగా మార్చిన క్షణం కావాలంటే క్లాక్ టైమ్‌స్టాంప్.

హిస్టరీనే దిద్దేయగలిగితే ఇదంతా దండగ. ట్రిగ్గర్ ఫంక్షన్‌ని సెక్యూరిటీ డిఫైనర్ (నడిపినవారి హక్కులతో కాక, దాని ఓనర్ హక్కులతో నడిచేది) చేసి, అప్లికేషన్ లాగిన్‌కి హిస్టరీ టేబుల్‌లో చదివే హక్కు ఒక్కటే ఇవ్వండి. తూకం టేబుల్‌కి ఆ లాగిన్ ఓనర్‌గా ఉండకూడదు, ఉంటే ట్రిగ్గర్‌నే ఆపేయగలదు. ట్రంకేట్ (టేబుల్ మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేసే ఆదేశం) హక్కు కూడా తీసేయండి, ట్రంకేట్ కొడితే ఈ రకం ట్రిగ్గర్ నడవదు.

వేరే డేటాబేస్‌లైతే, మరియాడీబీ 10.3 నుంచి సిస్టమ్ వెర్షనింగ్, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి టెంపోరల్ టేబుల్స్ ఉన్నాయి, పాత అంకెలు వాటంతటవే దాచుకుంటాయి. ఎవరు మార్చారన్నది మాత్రం మీరే కలుపుకోవాలి.

ఇప్పుడు మండీలో బిల్లు స్క్రీన్ మీదే హిస్టరీ బటన్ ఉంది. మొన్న ఒకాయన అడిగితే గుమాస్తా మానిటర్‌ని ఆయన వైపు తిప్పాడు: 11:10కి 3,460 అని ఎక్కించారు, 11:14కి అదే గుమాస్తా 3,640గా సరిచేశాడు. ఆయన చీటీ తీసి అంకె సరిచూసుకుని, బిల్లు తీసుకుని వెళ్లాడు.