యూడ్రాజిట్ పోగులు యాసిడ్‌లోనే మందు వదిలేస్తుంటే

పెద్దపేగు దాకా మందు చేరాలని యూడ్రాజిట్ ఎస్100 అనే పాలిమర్‌తో ఎలక్ట్రోస్పిన్నింగ్ (ఎక్కువ వోల్టేజీతో ద్రావణాన్ని సూదిలోంచి సన్నటి పోగులుగా లాగే పద్ధతి) మొదలుపెట్టినవాళ్లకి ముందుగా వచ్చే ఇబ్బంది సూది మూసుకుపోవడం. ఒక్క ఇథనాల్‌లోనే కరిగిస్తే అది సూది కొసనే ఆరిపోయి గట్టిపడుతుంది. నెమ్మదిగా ఆవిరయ్యే డైమిథైల్ అసిటమైడ్ అనే సాల్వెంట్ కొద్దిగా కలపండి. మరీ ఎక్కువైతే పోగులు తడిగా పడి ఒకదానికొకటి అతుక్కుంటాయి, పైగా మందులో అది 1,090 పీపీఎంకి మించకూడదు కాబట్టి వ్యాక్యూమ్‌లో ఆరబెట్టి ఎంత మిగిలిందో కొలవాల్సిందే.

పోగుల మధ్య పూసలు కనిపిస్తే ద్రావణం పల్చగా ఉందనే ముందు అనుమానించండి. చాలామంది వెంటనే వోల్టేజీ పెంచుతారు, నేనైతే ముందు పాలిమర్ పాళ్లు పెంచుతాను.

అసలు టెన్షన్ కడుపులోని ఆమ్లాన్ని అనుకరించే యాసిడ్ పరీక్షలో. ఎస్100 పీహెచ్ 7 దాటితేనే కరుగుతుంది, అయినా 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 2 గంటలు ఉంచేసరికి మందు చాలావరకు బయటికి వచ్చేస్తుంది, మనం పాలిమర్‌ని తిట్టుకుంటాం. తొందరపడకండి. ఆ పోగుల్ని తీసి ఆరబెట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూడండి. పోగులు చెక్కుచెదరకుండా ఉండి మందు మాత్రం పోయిందంటే పాలిమర్ కరగలేదు, మందే పోగులోంచి జారి బయటికొచ్చింది. పోగు మందం మైక్రాన్ అటూ ఇటూ, ఉపరితలం విపరీతం, మందు అణువు చిన్నదై యాసిడ్‌లో బాగా కరిగేదైతే దానికి బయటికి రావడానికి ఎంతో దూరం ఉండదు. ముందు మందు పాళ్లు తగ్గించి చూడండి. అది చాలకపోతే సూదిలో సూది పెట్టే కోయాక్సియల్ పద్ధతికి వెళ్లి లోపల మందు, బయట ఉత్త ఎస్100 తొడుగు వచ్చేలా తీయండి. పోగులే ఉబ్బి రూపు మారితే అప్పుడు పాలిమర్ గ్రేడ్‌ని, మిగిలిపోయిన సాల్వెంట్‌ని పట్టించుకోండి.

దీనికి తలకిందుల సమస్యా ఉంది: పీహెచ్ 7.4 బఫర్ ద్రావణంలో మందు చక్కగా వదిలిన పోగు, 6.8లో కదలదు. చిన్నపేగు చివర పీహెచ్ 7.4 దగ్గర ఉన్నా పెద్దపేగు మొదట్లో 6 చుట్టుపక్కలకి పడిపోతుంది, అల్సరేటివ్ కొలైటిస్ రోగుల్లో ఇంకా తగ్గొచ్చు. మనం మందు ఇవ్వాలనుకునేది వాళ్లకే కదా! పీహెచ్ 6 దగ్గరే కరిగే ఇంకో యూడ్రాజిట్ గ్రేడ్ ఎల్100ని ఎస్100లో కలిపి 6.8లో మళ్లీ పరీక్షించండి, అయితే పాళ్లు మార్చిన ప్రతిసారీ యాసిడ్ పరీక్ష కూడా మొదటినుంచి చేయాలి.